ఖాళీ ఓడలో ఇనుప ఉయ్యాల

ఆ రోజుల్లో సౌదీ నుంచి సెలవు మీద ఇంటికి బయలుదేరే మనిషిని ఎవరూ "ఎలా ఉన్నావు?" అని అడిగేవారు కాదు, "ఏం పట్టుకెళుతున్నావు?" అని అడిగేవారు. ఒకరు టేపురికార్డరు అనేవారు, ఒకరు కుట్టు మిషను అనేవారు, కొందరు జవాబు చెప్పకుండా నవ్వి ఊరుకునేవారు (వాళ్ళది తప్పకుండా బంగారమే). నన్ను అడిగినప్పుడు నేనూ నవ్వి ఊరుకున్నాను. ఇంటికి పట్టుకెళ్ళే సంగతి అలా ఉంచి, దారి మధ్యలో ఎక్కడైనా దొరికితే బాగుండునని నేను వెతుక్కుంటున్న వస్తువు ఒకటుంది. నిద్ర. ఇరవై నాలుగేళ్ళ పిల్ల నోట రావలసిన మాటేనా అది? అందుకే పైకి అనలేదు, డైరీలో రాసుకున్నాను. డైరీ రాస్తూ రాస్తూ కళ్ళు మూతపడి ఆ పేజీ మీద ఒక పొడుగాటి సిరా గీత కూడా పడింది. ఇప్పటికీ ఉంది.

కువైటు కోసం యుద్ధం జరిగిన చలికాలంలో నేను సరిహద్దు దగ్గర హఫర్ అల్ బాతిన్‌లో ఒక చిన్న ప్రైవేటు ఆస్పత్రిలో నర్సుని. యుద్ధాన్ని నేను కళ్ళతో చూడలేదు, చెవులతోనే విన్నాను. పొద్దస్తమానం రోడ్డు మీద మిలిటరీ లారీలు, నెత్తి మీద విమానాలు, మధ్యమధ్య సైరను. సైరను మోగితే విషపుగాలి రాకుండా ముసుగులు తగిలించుకుని మెట్ల కింద కూర్చోవాలి (అవి పెట్టుకుంటే మేమంతా తొండాలు రావడానికి సిద్ధంగా ఉన్న ఏనుగు పిల్లల్లా ఉండేవాళ్ళం). సగం మంది సిస్టర్లు ముందే ఇళ్ళకు వెళ్ళిపోయారు కాబట్టి ఉన్నవాళ్ళకు ఒక డ్యూటీ తరువాత ఇంకో డ్యూటీ. నేను వెళ్ళకపోవడానికి కారణం ధైర్యం అనుకునేరు. మేనేజరు గదిలోకి వెళ్ళి "నన్నూ పంపండి" అని చెప్పడానికి నోరు రాక ఉండిపోయాను. తలుపు దాకా రెండుసార్లు వెళ్ళి, లోపల ఎవరో ఉన్నారని తిరిగి వచ్చేశాను. తణుకు దగ్గర మా ఊళ్ళో మా నాన్న మాత్రం, "మా అమ్మాయి యుద్ధానికి జడవలేదండీ" అని అందరికీ చెప్పుకున్నాడట.

యుద్ధం అయిపోయాక ఆస్పత్రివాళ్ళు నన్ను ఎర్రసముద్రం ఒడ్డున ఉన్న యాన్బులోని ఇంకో శాఖకు మార్చారు. అక్కడ అంతా ప్రశాంతం. నాకే ప్రశాంతత అచ్చిరాలేదు. పక్క గదిలో కుక్కరు కూత పెడితే చటుక్కున లేచి మంచం కింద ముసుగు కోసం వెతుక్కునేదాన్ని. అక్క పంపిన వారపత్రికలు, నవలలు ఒక ట్రంకు నిండా చదవకుండా పడి ఉండేవి. డ్యూటీ దిగి వచ్చి ఒక నవల తెరిస్తే మొదటి పేజీ అయ్యేసరికి అక్షరాలు అలుక్కుపోయేవి. పుస్తకం మూస్తే నిద్ర పారిపోయేది. ఆ నవల మొదటి పేజీ నాకు కంఠతా వచ్చింది. రెండో పేజీలో ఏముందో తెలియదు.

సెలవు వచ్చింది కదా, ఇంటికెళ్ళి పడుకోవచ్చు కదా అంటారు మీరు. మా ఇల్లు మీరు చూడలేదు. విమానం నాలుగైదు గంటల్లో బొంబాయిలో దించేస్తుంది, అక్కడి నుంచి రైలు ఇంట్లో దించేస్తుంది, గుమ్మంలో దిగిన క్షణం నుంచి చుట్టాలు. యుద్ధం కథ ప్రతి మేనత్తకూ మొదటి నుంచి చెప్పాలి. పెళ్ళిచూపులకు కూర్చోవాలి. వీధిలో అందరికీ రక్తపోటు చూడాలి. అక్కడా మెలకువే, ఇక్కడా మెలకువే. ఈ రెండు మెలకువలకూ మధ్య ఎక్కడైనా కాస్త ఖాళీ చోటు ఉంటే బాగుండునని అనుకుంటున్న రోజుల్లో, రేవు ఆఫీసులో పనిచేసే ఒక కేరళ గుమాస్తా వేలికి కట్టు కట్టించుకోవడానికి వచ్చి మాటల్లో ఓడ సంగతి చెప్పాడు. హజ్ రోజుల్లో ఈజిప్టు నుంచి యాత్రికులను తెచ్చి దించే ఓడ అది. యాత్రికులంతా వెళ్ళిపోయారు, దానికి ఇక్కడ పని లేదు. వానాకాలం దాటింది కాబట్టి బొంబాయి వైపు తీరం వెంట తిరగడానికి ఎవరో అద్దెకు తీసుకున్నారట. ఎలాగూ అక్కడిదాకా ఖాళీగా నడుచుకుంటూ పోవాలి కాబట్టి, ఎక్కేవాళ్ళుంటే చవగ్గా ఎక్కించుకుంటారు. "కానీ సిస్టర్, చాలా నెమ్మది. ఎవరూ ఎక్కడం లేదు" అన్నాడు పాపం, నన్ను భయపెడుతున్నాననుకుని. నెమ్మది, ఎవరూ లేరు. నా చెవులకు ఆ రెండు మాటలు సన్నాయి మేళంలా వినిపించాయి. పని అయిపోయిన ఓడ, పనిలోకి ఇంకా వెళ్ళని ఓడ. దానికీ నాలాగే సెలవు దొరికిందన్నమాట.

ఈసారి మేనేజరు గదిలోకి వెళ్ళాను. "ఓడా? విమానం టికెట్టు కంపెనీ ఇస్తుంటే ఓడెందుకు సిస్టర్?" అన్నాడాయన. నిద్ర కోసం అని ఎలా చెప్పను? "విమానంలో కడుపులో తిప్పుతుంది సార్" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి నన్ను చూశాడు. "ఓడలో తిప్పదా?" అన్నాడు. తల వంచుకుని నిలబడ్డాను. నేను అలా నిలబడితే కదలనని ఆయనకు తెలుసు. దేశం దాటి తిరిగి రావడానికి కావలసిన ఎగ్జిట్ రీ-ఎంట్రీ కాగితం మీద సంతకం పెట్టేశాడు.

ఇక్కడ మా గల్ఫ్ వాళ్ళ ఆచారం ఒకటి చెప్పాలి. ఇంటికి వెళ్ళే మనిషి తన సామానుతో పాటు మిగిలినవాళ్ళ సామాను కూడా మోయాలి. కాదనడం మర్యాద కాదు. అయితే దేవుడు మొహమాటస్తుల మీద జాలిపడి విమానాశ్రయంలో తూకం యంత్రం పెట్టాడు. "అయ్యో, తీసుకెళ్ళేదాన్నే, తూకం దాటిపోతుంది" అంటే చాలు, ఎవరికీ కోపం రాదు. మేము ఎవరికైనా కాదని చెప్పిన మాట ఏదైనా ఉంటే అది ఆ యంత్రం చేత చెప్పించిన మాటే. ఓడ ఎక్కుతానని సంబరపడుతూ ఆ యంత్రాన్ని నేనే చేతులారా వదిలేసుకున్నానని నాకు తట్టలేదు.

తట్టింది పైపుల మామకు. ఆయన మా ఆస్పత్రిలో కుళాయిలు, గొట్టాలు బాగుచేసే పెద్దాయన. నిజామాబాదు వైపు మనిషి. పైకి బాబాయిగారూ అనేదాన్ని గానీ, మనసులో నాకు ఆయన పైపుల మామే. ఆ ఆవరణలో తెలుగు మాట్లాడేది ఆయనా, నేనూ మాత్రమే; అందులో మాట్లాడేది ఆయన, వినేది నేను. మా క్వార్టర్స్‌లో కుళాయి వాషరు మారుస్తూ, తల తిప్పకుండానే అడిగాడు.

"సిస్టరమ్మా, నువ్వు ఓడల పోతున్నవంట, నిజమేనా?"

"అవును బాబాయిగారూ."

"గారు గీరు ఎందుకు బిడ్డ. ఓడల తూకం లేదంట గదా?"

"లేదట" అన్నాను. ఎంత చిన్న మాట! మళ్ళీ వెనక్కి మింగుదామన్నా అందలేదు.

మామ పానా పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, నా ఎదురుగా గొంతుక్కూచున్నాడు. "మా పెద్దపిల్లకు తొలుసూరు కాన్పు బిడ్డ. బతుకమ్మ దినాలల్ల అయితదని డాక్టరమ్మ చెప్పిందంట. ఇరవై ఒకటో దినం తొట్టెలల ఎయ్యాలె. తొట్టెల తల్లిగారింటోళ్ళే పెట్టాలె గద. బజార్ల కట్టె తొట్టెలలు మస్తు దొరుకుతయ్, గని ఇన్నేండ్లసంది పైపులు కోస్తున్న, నా మనుమనికి బజార్ల కొంటనా? మిగిలిన పైపు ముక్కలు మనల పనికి వెట్టుకున్న సేటు, గా కఫీల్ నడిగి తీస్కున్న. నా చేతులతోని చేసిన. ఛుట్టీ ఇయ్యమంటె మాత్రం ఇయ్యనన్నడు కఫీల్. సరె, నేను పోకున్నా నా తొట్టెలన్న పోవాలె. బొంబాయిల మా తమ్ముడుంటడు, ఓడ కాడికొచ్చి తీస్కపోతడు. గా ఇరవై ఒకటో దినానికి అందితె సాలు బిడ్డ."

బతుకమ్మ పండుగ నుంచి ఇరవై ఒక్క రోజులంటే దీపావళి లోపల. ఓడ బతుకమ్మకు ముందే బయలుదేరుతుందని చెప్పారు. బోలెడంత వ్యవధి. సరేనన్నాను. సరేననకుండా ఉండే శక్తి నాకు లేదనుకోండి, కానీ ఆయన మొహం చూస్తే శక్తి ఉన్నా అనేదాన్నేమో. చిన్న ఉయ్యాలే కదా అనుకున్నాను. మరునాడు ఇద్దరు మోసుకొచ్చారు. ఆస్పత్రి నీళ్ళ గొట్టాలతో చేసిన ఉయ్యాల అది. నాలుగు కాళ్ళు, పైన అడ్డకమ్మి, దానికి బేరింగుల మీద వేలాడే ఇనుప తొట్టి, అంతటికీ ఆకుపచ్చ రంగు. అందులో పసిబిడ్డను కాదు, మా మేనేజరును వేసి ఊపవచ్చు. "జెర ముట్టుకో బిడ్డ, సప్పుడే రాదు!" అన్నాడు మామ. నిజంగానే వేలితో తాకితే చాలు, చప్పుడు లేకుండా ఎంతోసేపు ఊగింది.

తూకం లేదన్న వార్త ఆ వారంలో యాన్బు అంతా పాకింది. పులి బొమ్మ కంబళ్ళు, పాలపొడి డబ్బాలు, మిక్సీలు, ఒక కుట్టు మిషను. రిఫైనరీలో పనిచేసే ఇంజనీరు గారి భార్య, విజయవాడ ఆవిడ, స్వయంగా కారులో వచ్చింది. "ఏమ్మా, ఓడలో వెళుతున్నావటగా! ఎంత అదృష్టమమ్మా, హాయిగా గాలి పీల్చుకుంటూ! మా చెల్లెలి కొత్తింటికి ఒక దీపాల గుత్తి ఉంది. గాజుదిలే, బరువేం ఉండదు. ఒళ్ళో పెట్టుకుంటే సరిపోతుంది" అంది. హాయిగా గాలి పీల్చుకోవడమూ, గాజు దీపాల గుత్తి ఒళ్ళో పెట్టుకోవడమూ ఒకేసారి ఎలా కుదురుతుందని నేను అడగలేదు. "సరేనండి" అన్నాను.

ఓడ బతుకమ్మకు ముందు బయలుదేరలేదు. ఏవో కాగితాలు రాలేదట. పండుగ రోజులు గడుస్తుండగా ఒక సాయంత్రం ఎక్కమన్నారు. రేవులో అధికారి నా సామాను గుట్ట చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఉయ్యాల దగ్గర ఆగాడు. "ఫేన్ బేబీ?" అన్నాడు. బిడ్డ ఏదీ అని. "నో బేబీ" అన్నాను. ఆయన ఉయ్యాలను చూశాడు, నన్ను చూశాడు, ఇంకొకాయనను పిలిచాడు. ఆయనా ఉయ్యాల తొట్టిలోకి తొంగి చూసి, కంబళ్ళ మూటలు నొక్కి చూశాడు. నా మొహం ఎర్రబడి, తల వంగిపోయింది. ఆ వంగిన తలను వాళ్ళు ఏమని అర్థం చేసుకున్నారో గానీ ఇద్దరూ ఒక్కసారిగా మెత్తబడి, ముద్ర కొట్టి పంపేశారు. సామాను ఎక్కించడానికి దిగివచ్చిన ముసలి స్టీవార్డు ఇదంతా పక్కనే నిలబడి చూశాడు. బంగ్లాదేశ్ మనిషి, తెల్ల గడ్డం, అందరూ చాచా అనేవారు. "ఆవో బేటీ, ధీరే, ధీరే" అంటూ ఒక్కో అడుగే వేయిస్తూ నన్ను మెట్లు ఎక్కించాడు, నేనే గాజు దీపాల గుత్తిని అన్నట్టు.

ఓడ లోపల ఎంత బాగుందో చెప్పలేను. వందలమంది కూర్చునే భోజనాల హాలు, కుర్చీలకు దుప్పట్లు కప్పి ఉన్నాయి. మూసేసిన దుకాణం, మూసేసిన టీ కొట్టు. పొడుగాటి వరండాల్లో నా చెప్పుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ప్రయాణికులం పదిమందిమి కూడా లేము, అందరూ ఎవరి మూలలో వాళ్ళు. నన్ను సిస్టర్ అని పిలిచేవాళ్ళు లేరు. ఎవరికీ జ్వరం లేదు. డెక్కు మీద కుర్చీ వేసుకుని నవల తెరిచి, రెండో పేజీ తిప్పాను. తిప్పగానే ఓడ కదిలింది. ఓడ కదలగానే మేనేజరు అన్న మాట నిజమైంది.

మొదటి రోజులన్నీ బకెట్టు పక్కనే గడిచాయి. చాచా నిమ్మకాయ తెచ్చాడు, అల్లం తెచ్చాడు, తలుపు బయట నిలబడి ఏవో దువాలు చదివాడు. వాంతులు తగ్గాక రోజుకు రెండుసార్లు వేడి పాలు తేవడం మొదలుపెట్టాడు. అడగకపోయినా నా పళ్ళెంలో రెండో కోడిగుడ్డు పెట్టేవాడు. ఒకసారి నా గది ముందు ఇద్దరు కుర్రవాళ్ళు రంగు గోకుతుంటే వాళ్ళను కసిరి అవతలికి తరిమేశాడు. ఎంత మంచి ఓడ, ప్రయాణికులను ఎంత బాగా చూసుకుంటారు అనుకున్నాను. (మిగిలిన ప్రయాణికుల పళ్ళేల్లో ఒకటే గుడ్డు ఉండేదని నేను గమనించకపోలేదు. వాళ్ళకు గుడ్లు ఇష్టం లేదేమో అనుకున్నాను.)

ఇంత చేసినా నిద్ర రాలేదు. కారణం ఆ ఉయ్యాల. సామాను గదిలో పట్టక దాన్ని నా గదిలోనే, మంచానికి ఎదురుగా పెట్టారు. ఓడ ఎటు ఒరిగితే అది అటు ఊగేది. చప్పుడు లేదు నిజమే. కానీ కళ్ళెదుట ఒక ఖాళీ ఉయ్యాల రాత్రీ పగలూ దానంతటది ఊగుతుంటే ఎవరికి నిద్ర పడుతుంది? బరువుంటే ఆగుతుందేమోనని నా వారపత్రికలన్నీ అందులో పేర్చాను. అప్పుడు ఇంకా హుందాగా ఊగింది. అది ఒక్కో ఊపు ఊగినప్పుడల్లా నాకు నిజామాబాదు వైపు ఒక ఇల్లు, అందులో మంచం మీద ఒక బాలింత, చుట్టాలందరూ "తొట్టెల ఏదీ?" అని అడగడం కనిపించేవి.

ఏడెన్ రేవులో ఓడ ఆగింది. నీళ్ళు, నూనె నింపుకుని పోతుందనుకున్నాను. ఇంజనులో ఏదో విరిగిందట. ఆ విడిభాగం ఎక్కడి నుంచో రావాలట. రోజులు గడిచాయి. ఎవరికీ కంగారు లేదు. ఓడవాళ్ళు చేపలు పట్టుకుంటున్నారు, ప్రయాణికులు ఎండలో కునుకుతున్నారు. ఇలాంటి ఓడలో హాయి అంతా దాని కోసం ఎవరూ ఎదురుచూడకపోవడంలోనే ఉంది. అలాంటి ఓడ మీదికి, కచ్చితంగా ఒకరు ఎదురుచూస్తున్న వస్తువును నేను ఎక్కించుకుని వచ్చాను. ప్రపంచంలో నెమ్మదిని కోరి టికెట్టు కొనుక్కుని, ఎక్కాక తొందరపడుతున్న మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను. చివరికి జీవితంలో చేయని సాహసం చేశాను. కెప్టెన్ దగ్గరికి వెళ్ళాను. ఆయన ఈజిప్టు మనిషి, చొక్కా గుండీలు విప్పుకుని ఖర్జూరాలు తింటున్నాడు.

"సార్, బొంబాయి... ఎప్పుడు?" అన్నాను ఇంగ్లీషులో, నాకే వినపడనంత మెల్లగా.

ఆయన ఒక ఖర్జూరం నా చేతిలో పెట్టాడు. "షువై షువై, సిస్టర్" అన్నాడు. నెమ్మదిగా, నెమ్మదిగా అని. బొంబాయిలో ఓడకు ఇంకా పని మొదలు కాలేదట, తొందరగా వెళ్ళినా రేవులో అద్దె కట్టి ఊరికే నిలబడాలట, నెమ్మదిగా వెళితే నూనె కలిసివస్తుందట. "మీకేమిటి తొందర? ఆరోగ్యం జాగ్రత్త" అని నా వైపు చాలా దయగా చూశాడు. ఆ దయ కూడా నాకు అర్థం కాలేదు.

దీపావళి సముద్రం మధ్యలో అయిపోయింది. తేదీ చూసుకుని డెక్కు మీదికి వచ్చి నిలబడ్డాను. చుట్టూ ఎటు చూసినా నీళ్ళు. ఇక అయిపోయింది. ఇరవై ఒకటో రోజు దాటిపోయింది. బజారులోంచి ఏ కట్టె ఉయ్యాలో తెచ్చి కట్టేసి ఉంటారు. కఫీల్ పంపకపోతే తన చేతిపనినైనా పంపిన మనిషి, నా నెమ్మది ఓడ పుణ్యమా అని, అదీ పంపలేకపోయాడు. గదిలోకి వచ్చి ఉయ్యాల ముందు కూర్చుని కాసేపు ఏడ్చాను. ఏడుస్తుంటే ఒక విచిత్రం జరిగింది. ఏదో సడలింది. ఆలస్యం కాకూడదని పట్టుకుని కూర్చున్నది కాస్తా ఆలస్యమైపోయింది కాబట్టి, ఇక కాపలా కాయడానికి ఏమీ మిగల్లేదు. ఉయ్యాల అటు ఊగింది, ఇటు ఊగింది. ఓడ అటు ఒరిగింది, ఇటు ఒరిగింది. యుద్ధం మొదలైన నాటి నుంచి బాకీ పడ్డ నిద్రంతా, వడ్డీతో సహా, నా మీదికి వచ్చి పడింది.

ఆ నిద్రను వర్ణించడం నా వల్ల కాదు. డైరీలో ఆ రోజులన్నిటికీ "సముద్రం. పడుకున్నాను" అనే ఉంది. పాలు తాగడానికి లేచేదాన్ని, నవల ఒక పేజీ చదివేదాన్ని, గుడ్లు రెండూ తినేదాన్ని, మళ్ళీ పడుకునేదాన్ని. డెక్కు మీద, కప్పిన కుర్చీల మధ్య, ఎక్కడ పడితే అక్కడ నిద్రపోయేదాన్ని. ఓడ కూత పెట్టినా ముసుగు కోసం వెతుక్కోలేదు. ఒకసారి కళ్ళు తెరిచేసరికి నా మీద ఎవరో దుప్పటి కప్పి ఉన్నారు, కాస్త దూరంలో చాచా నోటి మీద వేలు పెట్టుకుని ఎవరినో గదమాయిస్తున్నాడు. నవల ఎనభయ్యో పేజీలో ఉండగా బొంబాయి వచ్చేసింది. మొదటిసారి ఆ ఓడ మీద నాకు కోపం వచ్చింది, అప్పుడే వచ్చేసినందుకు.

రేవులో పైపుల మామ తమ్ముడికి ఏ మొహంతో చెప్పాలా అని దిగుతున్నాను. కింద జనంలోంచి ఒక కేక వినిపించింది.

"సిస్టరమ్మో! ఇటు, ఇటు! నీ ఓడ పాడుగాను, నడిచొస్తె గూడ ఇంతకన్న జెల్ది వస్తుంటివి గద బిడ్డ!"

పైపుల మామ! ఇస్త్రీ చొక్కా వేసుకుని, యాన్బులో ఉండవలసిన మనిషి, బొంబాయి రేవులో. మెట్ల మీదే నిలబడిపోయాను.

"మీరెలా వచ్చారు బాబాయిగారూ?"

"ఎట్లొస్తరు? మనుమరాలు పుట్టిందని తార్ వచ్చింది. గది వట్టుకోని కఫీల్ ముంగట ఏడ్సిన. 'పో, నీ ఏడ్పు జూడలేను' అని ఛుట్టీ ఇచ్చిండు. ఇమానం ఎక్కిన, నీ నెత్తి మీదికెళ్ళే పోయిన. ఊరికి పోయి పిల్ల మొకం జూసిన, మల్ల బొంబాయికి వచ్చిన. నువ్వింక సముద్రంలనే ఉన్నవ్!"

"మరి ఇరవై ఒకటో రోజు..." అన్నాను.

"యాడిది? ఇంక వారం దినాలున్నది. పిల్ల గూడ నీ ఓడ తీర్గనే ఉన్నదమ్మా, సక్కగ చెప్పిన తారీకుకు రాలే. పది దినాలు సతాయించి సతాయించి వచ్చింది!"

తొలి కాన్పులు డాక్టరు చెప్పిన తేదీకి రావని, కంగారు పడవద్దని, ఆస్పత్రి వరండాల్లో ఎంతమంది అత్తలకూ భర్తలకూ నేనే నా నోటితో చెప్పి ఉంటాను! నర్సునై ఉండి, సముద్రం మధ్యలో కూర్చుని ఆ ఒక్క సంగతి మరచిపోయి ఏడ్చాను. నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడి ఉండగా, ఉయ్యాల ఒక వైపు పట్టుకుని చాచా దిగివచ్చాడు. పైపుల మామ పరుగున వెళ్ళి ఆ ఆకుపచ్చ గొట్టాలను నిమిరాడు. చాచా ఆయనను పైనుంచి కిందికి చూశాడు. వయసు చూసి మొహం కాస్త ముడుచుకున్నాడు గానీ మర్యాద తప్పలేదు.

"ముబారక్ హో, భాయ్" అని అభినందించాడు.

"షుక్రియా చాచా, షుక్రియా! లడ్కీ హుయీ! దో హఫ్తా హో గయా!" అన్నాడు మామ, మొహమంతా వెలిగిపోతూ.

చాచా ఉయ్యాల వదిలేశాడు. అమ్మాయి పుట్టి రెండు వారాలైందా? నా వైపు తిరిగాడు. నా మొహం చూశాడు, నా నడుం చూశాడు, వెనక్కి తిరిగి ఓడ కేసి చూశాడు. తన కళ్ళ ముందు, రోజూ తనే పాలు పోసి చూసుకున్న మనిషికి, ఎప్పుడు జరిగిందిదంతా? అప్పుడు తెలిసింది నాకు. పాలు, రెండో గుడ్డు, కెప్టెన్ దయ, నోటి మీద వేలు, అన్నీ వరసగా వచ్చి నా ముందు నిలబడ్డాయి. పుట్టినప్పటి నుంచి దాచుకున్న గొంతంతా ఒక్కసారి బయటికి వచ్చింది.

"మేరా నహీ చాచా! ఇన్ కీ బేటీ కీ బేటీ! మేరీ తో షాదీ భీ నహీ హుయీ!"

నాది కాదు, ఈయన కూతురి కూతురు, నాకింకా పెళ్ళే కాలేదు అని. రేవులో కూలీలు కూడా తిరిగి చూశారు. చాచా గడ్డం పట్టుకున్నాడు. "తో వో దూధ్?" అన్నాడు. అయితే ఆ పాలు?

పైపుల మామకు సంగతి అర్థమై, ఉయ్యాల మీద చేయి వేసుకుని కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వడం మొదలుపెట్టాడు. చాచా మాత్రం నవ్వలేదు. నా తల మీద చేయి పెట్టి, "కోయీ బాత్ నహీ బేటీ. నీంద్ తో ఆయీ నా?" అన్నాడు. పోనీలే, నిద్రయితే పట్టింది కదా అని.

కస్టమ్స్ వాళ్ళతో వాదన, కంబళ్ళు పంచడం, అంతా మామే చూసుకున్నాడు. దీపాల గుత్తిలో ఒక్క గాజు మాత్రం పగిలింది, ఇంజనీరు గారి భార్య నాతో చాలాకాలం మాట్లాడలేదు. ఉయ్యాల ఇరవై ఒకటో రోజుకు అందింది.

ఆ తరువాత ఎన్నోసార్లు వచ్చాను, వెళ్ళాను. అన్నీ విమానాలే. పెళ్ళయి, యాన్బు వదిలి పూర్తిగా వచ్చేస్తున్నప్పుడు మామ, "నీకు గూడ ఒకటి చేస్త బిడ్డ" అన్నాడు. చేశాడు. అయితే ఓడ లేదు కదా. సెలవు మీద వచ్చేవాళ్ళ సంచుల్లో, తూకం దాటకుండా, ముక్కలుగా పంపడం మొదలుపెట్టాడు. ఒకరు ఒక కాలు తెచ్చారు, మరుసటేడు ఇంకొకరు అడ్డకమ్మి తెచ్చారు. తొట్టి వచ్చేసరికి మా అమ్మాయి నడుస్తోంది. మూడో కాలు వచ్చేసరికి బడికి వెళుతోంది. నాలుగో కాలు ఇంకా రాలేదు. దాని బదులు ఒక వెదురు కర్ర కట్టి, కిటికీ పక్కన పెట్టుకుని, అందులో నా పుస్తకాలు పెట్టుకున్నాను. మధ్యాహ్నాలు నవల పట్టుకుని దాని పక్కన కూర్చుని కాలితో కాస్త తాకుతాను. ఇద్దరు మనుషులతో కూడా సరిగా మాట్లాడలేక, ఓడలోని అందరినీ భ్రమపెట్టి, ఖాళీ వరండాల్లో చెప్పుల చప్పుడు చేసుకుంటూ తిరిగిన ఒక పిల్ల అందులో ఊగుతున్నట్టుంటుంది. ఆ నాలుగో కాలు ఏ ఖాళీ ఓడలోనో బయలుదేరే ఉంటుంది, ఏడెన్‌లో ఆగి ఉంటుంది. రానీ. షువై షువై.